ఇద్దరు అమ్మలు, ఒక పాప, వీధి చివర నాలా: మనలాంటి కుటుంబం కాలనీ పనుల్లోకి ఎలా దిగాలి

మా పాపకి ఏడేళ్ళు. నన్ను అమ్మ అంటుంది, నా పార్ట్‌నర్‌ని బుజ్జమ్మ అంటుంది. హైదరాబాద్‌లో ఒక మామూలు కాలనీలో అద్దెకి ఉంటాం, కింద ఓనర్ ఆంటీ, పైన మేం ముగ్గురం. నేను ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తా, బుజ్జమ్మ ల్యాబ్ టెక్నీషియన్, తనకి నెలలో సగం రోజులు నైట్ డ్యూటీలే. మూడేళ్ళ కింద మాకు కాలనీ అసోసియేషన్ ప్రెసిడెంట్ ఎవరో కూడా తెలీదు, ఇప్పుడు చెత్త బండి రెండ్రోజులు రాకపోతే మాకే ఫోన్ వస్తుంది. ఈ మధ్య మాలాంటి జంటలే, ఇంట్లో చిన్నపిల్లలున్న వాళ్ళు, ఇద్దరు ముగ్గురు అడిగారు, "మాకూ ఏదో ఒకటి చేయాలనుంది కానీ బయటికి కనిపిస్తే పిల్లకి ఏమవుతుందో అని భయం" అని. వాళ్ళకి ఫోన్లో చెప్పిందే ఇక్కడ కాస్త వివరంగా రాస్తున్నా.

ముందు ఎందుకు చేయాలో చెప్తా, ఎందుకంటే అది తేలకపోతే మధ్యలో ఆపేస్తాం.

2018 సెప్టెంబర్ 6న సుప్రీంకోర్టు మన సంబంధాల్ని నేరంగా చూసిన సెక్షన్ 377 విషయంలో తీర్పు ఇచ్చినప్పుడు మనం నేరస్థులం కాకుండా పోయాం, ఆ రోజు మేమిద్దరం ఆఫీసులకి సెలవు పెట్టి ఇంట్లో కూర్చుని ఏడ్చాం. తర్వాత పెళ్ళి హక్కు కోసం కేసు వేసిన వాళ్ళలో మొదటి పేరు మన హైదరాబాద్ జంటదే, సుప్రియో, అభయ్, ఆ కేసుని ఇప్పటికీ సుప్రియో కేసు అనే అంటారు. 2023 అక్టోబర్ 17న వచ్చిన తీర్పులో పెళ్ళి ప్రాథమిక హక్కు కాదన్నారు, జంటగా దత్తత తీసుకునే విషయం 3-2 తేడాతో పోయింది, 2025 జనవరిలో రివ్యూ పిటిషన్లు కూడా కొట్టేశారు. దీనికి మా ఇంట్లో అర్థం ఏంటంటే, కారా, అంటే దత్తతలు చూసే కేంద్ర సంస్థ, దాని ద్వారా పాపని దత్తత తీసుకున్నది కాగితం మీద నేనొక్కదాన్నే, ఒంటరి ఆడమనిషిగా. జ్వరమొస్తే రాత్రంతా తడిగుడ్డ వేస్తూ కూర్చునేది, జడలు వేసేది, ఎక్కాలు అప్పజెప్పించుకునేది బుజ్జమ్మ, ఆమె పేరు మాత్రం చాలాకాలం పాపకి సంబంధించిన ఒక్క కాగితంలో లేదు.

కాగితం లేని చోట మనుషులే సాక్ష్యం. రేపు నాకేమైనా అయి పాప ఎవరి దగ్గరుండాలనే మాట వస్తే, "పుట్టిన కాడ్నించి ఈమెనే పెంచింది, మేం రోజూ చూస్తున్నం" అని చెప్పే పదిమంది వీధిలో ఉండాలి. 2024 డిసెంబర్‌లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఇద్దరు అమ్మాయిలు కలిసి బతికే హక్కుని కాపాడింది, అది చాలా పెద్ద విషయం, కానీ కోర్టు దాకా వెళ్ళకముందే గుమ్మం దగ్గర, స్కూల్ గేటు దగ్గర, హాస్పిటల్ కౌంటర్ దగ్గర తేలిపోయే విషయాలే మన బతుకులో ఎక్కువ. ఆ గుమ్మాల దగ్గర నిలబడే మనుషులకి మనం ముందే తెలిసి ఉండాలి, తెలియాలంటే వాళ్ళతో కలిసి ఏదో ఒక పని చేసి ఉండాలి.

అలాగని మన రక్షణ కోసం పని చేస్తున్నట్టు నటిస్తే ఎవరికైనా తెలిసిపోతుంది. పని నిజంగా కావాల్సిన పని అయి ఉండాలి.

బయటికి వెళ్ళే ముందు ఇంట్లో

ఒక నోట్‌బుక్ తీసుకుని ఇద్దరూ కూర్చుని రాయండి, మన గురించి ఎవరికి ఎంత తెలుసు అని. ఓనర్, రెండు వైపులా అమ్మానాన్నలు, ఆఫీసులో వాళ్ళు, టీచరు, ఆయా, కిరాణా షాపు అన్న, అందరినీ. అన్నీ తెలిసిన వాళ్ళు, ఊహించుకున్న వాళ్ళు, అస్సలు తెలియని వాళ్ళు అని మూడు కాలమ్‌లు పెట్టుకోండి. కాలనీ పనుల్లోకి దిగాక మూడో కాలమ్‌లో ఉన్న వాళ్ళు మొదటి కాలమ్‌లోకి రావడానికి పెద్ద టైం పట్టదు, అది మీ చేతిలో కూడా ఉండదు. కాబట్టి ఎవరికి తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఎవరికి తెలిస్తే ఇల్లు ఖాళీ చేయమంటారు, ఎవరికి తెలిస్తే ఊళ్ళో అమ్మకి ఫోన్ వెళ్తుంది, ఇవి ముందే మాట్లాడుకోవాలి. ఇద్దరిలో ఎవరికి భయం ఎక్కువో వాళ్ళు ఎంత వేగంగా నడవగలిగితే రెండోవాళ్ళూ అంతే నడవాలి, ఈ ఒక్క విషయంలో బతిమాలడం కూడా చేయకూడదు, నేను మొదట్లో చేశాను, బుజ్జమ్మ రెండు నెలలు నిద్రపోలేదు.

అబద్ధం విషయం ఇక్కడే చెప్పాలి. ఇల్లు తీసుకునేటప్పుడు మేం ఓనర్ ఆంటీకి చుట్టాలమని చెప్పాం, అందరూ చెప్పేదే. పాప మాటలు నేర్చాక ఆ అబద్ధం పాప కూడా మొయ్యాల్సి వచ్చింది. "బుజ్జమ్మ నీకేమవుతది?" అని ఆంటీ అడిగితే పాప మా మొహాలు చూసేది. చెప్పకపోవడం వేరు, పిల్ల చేత చెప్పించడం వేరు. పిల్ల నిలబెట్టాల్సిన అబద్ధం ఏదైనా ఉంటే దాన్ని ముందు తీసేయండి, తీసేసే ధైర్యం ఇంకా రాకపోతే కాలనీ పనులు ఇంకో ఏడాది ఆగొచ్చు, వీధి చివర మురుగు కాలువ, అదే నాలా, ఎక్కడికీ పోదు. మేం ఆంటీకి చెప్పిన రోజు నుంచి నాలుగు రోజులు ఆమె మాట్లాడలేదు, పైకి కూర గిన్నె రాలేదు, ఐదో రోజు మెట్ల దగ్గర ఆపి "పిల్లకి రేపు పెళ్ళీడు వస్తే ఏం చెప్తరు?" అని అడిగింది. ఆమె పూర్తిగా ఒప్పుకుందా అంటే నాకు ఇప్పటికీ తెలీదు, కానీ అడిగింది, మేం కూర్చుని చెప్పాం.

కాగితాలు కూడా ఇప్పుడే సర్దుకోండి, గొడవ వచ్చాక సర్దుకోలేం. మంచి లాయర్‌ని కలిసి కాగితం మీదున్న అమ్మ విల్లు రాయాలి, అందులో పాపకి గార్డియన్‌గా రెండో అమ్మ పేరు పెట్టాలి, చివరికి కోర్టు చూసేది పిల్ల మంచి ఎక్కడుందనేదే కాబట్టి ఆ కాగితమూ ఆ పక్కన నిలబడే ఇరుగుపొరుగూ రెండూ కావాలి. 2024 ఆగస్టులో ఆర్థిక శాఖ మనవాళ్ళు జాయింట్ అకౌంట్ తెరుచుకోవచ్చని, పార్ట్‌నర్‌ని నామినీగా పెట్టుకోవచ్చని స్పష్టంగా చెప్పింది, రేషన్ కార్డులో ఒకే ఇంటివాళ్ళుగా చూడమని కేంద్రం రాష్ట్రాలకి రాసింది. బ్యాంకులో క్లర్కుకి ఇది తెలియకపోవచ్చు, ఆ ప్రెస్ నోట్ ప్రింట్ తీసుకుని వెళ్ళండి. స్కూల్‌కి మాత్రం "పాపని దింపడానికి, తీసుకెళ్ళడానికి, ఎమర్జెన్సీలో పిలవడానికి" అని రెండో అమ్మ పేరు, ఫోటో, సంతకంతో ఒక లెటర్ ఇచ్చి స్టాంప్ వేయించుకోండి, ఇది ఒక్క రోజు పని.

మొదటి పని చిన్నదై ఉండాలి, రోజూ కంటికి కనిపించేదై ఉండాలి

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియకపోతే పాప చెయ్యి పట్టుకుని స్కూల్ దాకా నడవండి, బండి మీద కాదు. పాప ఎక్కడ చెయ్యి గట్టిగా పట్టుకుంటుందో అక్కడ మీ పని ఉంది. మాకు అది నాలా. వీధి చివర స్కూల్ దారిలో పైన వేసిన స్లాబులు పగిలిపోయి ఇనప చువ్వలు బయటికొచ్చాయి, వాన పడితే రోడ్డు ఏదో నాలా ఏదో తెలీదు. ఇది చిన్న విషయం కాదు, 2020లో నేరేడ్‌మెట్ దగ్గర, 2023లో సికింద్రాబాద్ కళాసిగూడలో చిన్నపిల్లలు ఇలాగే నాలాల్లో కొట్టుకుపోయి చనిపోయారు. ఆ వార్తలు చూసిన ప్రతి తల్లికీ తన పిల్ల మొహమే కనిపించింది, ఆ విషయంలో మాకూ పక్కింటి వాళ్ళకీ ఏ తేడా లేదు.

కొత్త సంఘం పెట్టకండి. సొసైటీ రిజిస్టర్ చేయాలంటే కనీసం 7 మంది ఉండాలి, బైలాస్ రాయాలి, లెక్కలు చూపించాలి, ఆ ఓపికంతా కాగితాలకే పోతుంది. కాలనీలో ఇప్పటికే ఏదో ఒక వెల్ఫేర్ అసోసియేషన్ ఉంటుంది, ఒక వాట్సాప్ గ్రూప్ ఉంటుంది, గణపతి మండపం కుర్రాళ్ళు ఉంటారు, అందులోకే వెళ్ళండి. మొదటి మూడు మీటింగుల్లో మాట్లాడకుండా వినండి, ఎవరు ఎవరితో పడరో అర్థమవుతుంది. నాలుగో మీటింగులో ఎవరూ తీసుకోని పని ఒకటి తీసుకోండి. మా అసోసియేషన్‌లో లెక్కల పుస్తకం రెండేళ్ళుగా ఎవరూ రాయలేదు, నేను ఇంటికి తెచ్చుకుని నెల రోజుల్లో రాసిచ్చా, ఆ తర్వాత నా మాటకి చెవి ఇచ్చేవాళ్ళు దొరికారు.

కంప్లైంట్ ఎలా నడపాలి అనేది కొంచెం వివరంగా చెప్తా, ఎక్కువమంది ఇక్కడే అలిసిపోతారు కాబట్టి. హైదరాబాద్‌లో అయితే ముందు జీహెచ్‌ఎంసీ కాల్ సెంటర్ 040-21111111కి గానీ యాప్‌లో గానీ ఫోటోతో కంప్లైంట్ పెట్టండి, నంబర్ వస్తుంది, తేదీతో సహా నోట్‌బుక్‌లో రాయండి. ఒక్కరు పెట్టి ఊరుకోకుండా వీధిలో పది ఇళ్ళ వాళ్ళ చేత పెట్టించండి, అప్పుడే పది ఇళ్ళకీ మీరు వెళ్తారు, పది ఇళ్ళలో టీ తాగుతారు. రెండు వారాల్లో కదలకపోతే సోమవారం ప్రజావాణి, అంటే ఆఫీసర్లు జనం అర్జీలు తీసుకునే రోజు, అర్జీ తెలుగులో ఒక పేజీ దాటకుండా రాసి రెండు కాపీలు తీసుకెళ్ళి ఒకదాని మీద స్టాంపూ తేదీ వేయించుకోవాలి, స్టాంప్ లేకుండా ఇచ్చిన అర్జీ ఇవ్వనట్టే. రాష్ట్ర స్థాయిలో అయితే ప్రజాభవన్‌లో మంగళవారం, శుక్రవారం తీసుకుంటారు. ఆంధ్రాలో ఉన్నవాళ్ళకి కలెక్టరేట్‌లో సోమవారం గ్రీవెన్స్ ఉంది, దాని కన్నా ముందు మీ వార్డు సచివాలయం ఉంది. టైమింగ్ కూడా చూసుకోండి, పూడికతీత పనులు వానాకాలం ముందే చేస్తారు కాబట్టి నాలా గురించి ఫిబ్రవరి మార్చిలో అడగాలి, జూన్‌లో అడిగితే వాన తగ్గాక చూద్దాం అంటారు.

అప్పటికీ ఏమీ కాకపోతే ఆర్‌టీఐ, సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు. 10 రూపాయల ఫీజు, మండల స్థాయి ఆఫీసుకైతే 5, గ్రామ స్థాయిలో అసలు లేదు, తెలుగులో రాయొచ్చు, 30 రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే ఇంకో 30 రోజుల్లోపు మొదటి అప్పీల్ వేయాలి. "స్లాబులు ఎందుకు వేయలేదు" అని అడగకండి, ఎందుకు అన్న ప్రశ్నకి జవాబు ఇవ్వకుండా తప్పించుకోవడం తేలిక. కాగితాలు అడగండి: ఫలానా నంబర్ వీధిలో నాలా పనికి మంజూరైన మొత్తం ఎంత, ఎస్టిమేట్ కాపీ, వర్క్ ఆర్డర్ కాపీ, పూర్తి చేయాల్సిన గడువు, ఎం-బుక్ కాపీ. ఈ ఎం-బుక్ అంటే కొలతల పుస్తకం, ఎన్ని మీటర్ల పని అయిందని ఏఈ, అంటే అసిస్టెంట్ ఇంజనీర్, రాసుకునేది, బిల్లు దాన్ని బట్టే అవుతుంది. మాకు వచ్చిన కాపీలో చేయని పని చేసినట్టు ఉంది, పాప స్కూల్ స్కేలు కాదు గానీ దర్జీ దగ్గర టేపు తెచ్చి మేమే కొలిచి ఫోటోలు తీసి మళ్ళీ అర్జీ ఇచ్చాం. ఇంకో మాట, ఆర్‌టీఐలో ఎందుకు అడుగుతున్నారో చెప్పనక్కర్లేదు, ఉత్తరం చేరే అడ్రస్ ఉంటే చాలు, మనలాంటి ఇళ్ళ అడ్రస్ ఏ కాంట్రాక్టర్ చేతికో వెళ్ళడం మంచిది కాదు కాబట్టి ఆఫీసు అడ్రస్ గానీ అసోసియేషన్ అడ్రస్ గానీ ఇవ్వండి.

"మీ ఆయన ఏం చేస్తారు?"

ఇది మొదటి వారంలోనే వస్తుంది, కోపంతో కాదు, మామూలుగానే అడుగుతారు, బియ్యం ఎక్కడ కొంటారు అని అడిగినట్టే. జవాబు ముందే ఇంట్లో ఇద్దరూ ఒకటే అనుకోవాలి, ఒకరు ఒకటి ఒకరు ఇంకోటి చెప్తే అక్కడే కథలు పుడతాయి. మేం అనుకున్నది "మా ఇంట్లో మేం ముగ్గురమే ఆంటీ, పాపకి మేమిద్దరం అమ్మలం". అంతే, ఆ తర్వాత మాట ఆపాలి. ఎక్కువ వివరిస్తే తప్పు చేసినట్టు ఉంటుంది. కొంతమంది "అక్కాచెల్లెళ్ళా?" అంటారు, "కాదు ఆంటీ, మేం జంట" అని నవ్వుతూ చెప్పండి, లెస్బియన్ అనే మాట చాలామంది పెద్దవాళ్ళకి టీవీలో విన్న చెడ్డ మాట లాగే తెలుసు, ముందు మనుషులుగా మనం అర్థమైతే ఆ మాట తర్వాత వాళ్ళే నేర్చుకుంటారు. అందరికీ ఒకేసారి చెప్పాల్సిన పని లేదు, మీటింగులో లేచి ప్రకటించాల్సిన పని అంతకన్నా లేదు. ఒక్కరికి చెప్పండి, నోరు మంచిదీ మనసు మంచిదీ అయిన ఒక్క మనిషికి, ప్రతి వీధిలో అలాంటి అక్క ఒకరుంటారు.

మాకు ఆ అక్క బతుకమ్మ దగ్గర దొరికింది. బుజ్జమ్మది గుంటూరు వైపు, బతుకమ్మ పేర్చడం తెలీదు, మొదటి ఏడాది దూరంగా నిలబడి చూసింది, ఆ అక్కే పిలిచి తాంబాళం ముందు కూర్చోబెట్టి గునుగు ఎలా కత్తిరించాలి, తంగేడు ఏ వరసలో పెట్టాలి అని చూపించింది. సద్దుల బతుకమ్మ నాటికి మా ముగ్గురం కలిసి పేర్చిన బతుకమ్మ వంకరగానే ఉన్నా మధ్యలో పెట్టారు, పాట పాడుతూ చుట్టూ తిరిగేటప్పుడు పాప చెరో చేయి మా ఇద్దరికీ ఇచ్చింది. ఆ రోజు ఎవరూ ఏమీ అడగలేదు, అడగాల్సినవి తర్వాత అక్క ఇంట్లో మెల్లగా అడిగారు. పండగల్ని వదలకండి అని చెప్పడానికే ఇదంతా చెప్తున్నా. అర్జీ మీద సంతకం అడగడానికి వెళ్ళినప్పుడు తలుపు తీసేది ఆ పండగలో పక్కన తిరిగిన మనిషే.

స్కూల్

గవర్నమెంట్ స్కూల్ అయితే అక్కడ మీకు చట్టం ఇచ్చిన చోటుంది. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులు, గార్డియన్లే ఉండాలి, మొత్తంలో సగం ఆడవాళ్ళు ఉండాలి. స్కూల్ అభివృద్ధి ప్లాన్ రాయడం, నిధుల ఖర్చు చూడటం ఆ కమిటీ పని, మధ్యాహ్న భోజనం, టాయిలెట్లు, కాంపౌండ్ గోడ గురించి అడగాల్సిందీ అక్కడే. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు కూడా వచ్చాయి, మహిళా సంఘాల అక్కల చేతుల్లో రిపేర్ల పనులు పెట్టారు, వాళ్ళతో స్నేహంగా ఉండండి, పని తెలిసిన వాళ్ళు.

మనకి పనికొచ్చే ముఖ్యమైన విషయం ఆ చట్టం మొదట్లో అర్థాలు చెప్పే సెక్షన్‌లో ఉంది. పేరెంట్ అంటే కన్న, సవతి, దత్తత తీసుకున్న తల్లి లేదా తండ్రి అని ఉంది, అందులో బుజ్జమ్మ రాదు. కానీ గార్డియన్ అంటే పిల్లని దగ్గరుంచుకుని చూసుకునే మనిషి అని ఉంది, కోర్టు నియమించిన వాళ్ళు కూడా అందులో వస్తారని తర్వాత రాశారు, వాళ్ళు మాత్రమే అని రాయలేదు. ఆ వాక్యం చదివిన రోజు బుజ్జమ్మ ఆ పేజీ ఫోటో తీసి ఫోన్‌లో వాల్‌పేపర్‌గా పెట్టుకుంది. చట్టంలో ఒక మూల తనకి కూడా చోటుందని. మేం ఆ పేజీ ప్రింట్ తీసి, నా సంతకంతో "పాప సంరక్షణ మేమిద్దరం చూస్తాం" అని లెటర్ జతచేసి ఇస్తే రిజిస్టర్‌లో గార్డియన్ దగ్గర తన పేరు రాశారు. మొదట ఒప్పుకోలేదు, మూడుసార్లు తిరిగాం, మూడోసారి కమిటీలో ఉన్న ఇంకో తల్లి మాతో వచ్చింది, నాలా అర్జీలో మా పక్కన సంతకం పెట్టినావిడే. కమిటీ ఎన్నికకి ఇంట్లోంచి ఒక్కరే నిలబడండి, ఇద్దరూ వెళ్తే గొడవ పని మీద కాకుండా మన మీదకి మళ్ళుతుంది.

టీచర్‌తో విడిగా ఒకసారి మాట్లాడండి, "నా కుటుంబం" అనే పాఠం, అమ్మానాన్నల బొమ్మ వేయమనే హోంవర్క్ వచ్చే ముందే. "పాప ఇద్దరు అమ్మల్ని గీస్తుంది మేడమ్, తప్పని కొట్టేయకండి" అని చెప్పడం చాలు. నాన్న లేని పిల్లలు, తాతయ్య దగ్గర పెరిగే పిల్లలు కూడా ఆ క్లాసులో ఉంటారు, వాళ్ళందరి కోసం అడుగుతున్నట్టే అడగండి, నిజంగానే వాళ్ళకీ అవసరం.

పాప వంతు ఎంత

ఈ విషయంలో నేను గట్టిగా చెప్తాను, ఎవరు కాదన్నా. పిల్ల చేతికి ప్లకార్డు ఇవ్వకండి. పిల్ల ఫోటో పత్రికకీ, గ్రూపులకీ, రీల్స్‌కీ ఇవ్వకండి. "ఇద్దరు అమ్మల బంగారు తల్లి" అని ఎవరో ప్రేమగానే రాస్తారు, పదేళ్ళ తర్వాత ఆ లింక్ ఆ పిల్ల కాలేజీ హాస్టల్‌లో తెరుచుకుంటుంది, అప్పుడు తనకి అది ఇష్టమో కాదో మనకి ఇప్పుడు తెలీదు. మేం దీన్ని నేర్చుకున్నది నొప్పితోనే. నాలా దగ్గర పదిహేను మంది నిలబడి ఫోటో దిగిన రోజు పాప మా ముందు నిలబడింది, ఎవరో ఆ ఫోటోలో పాపకి సున్నా చుట్టి వేరే గ్రూపులో చెత్త మాటలతో పెట్టారు. పాపకి తెలీదు, మాకు ఆ రాత్రి అన్నం దిగలేదు.

అలా జరిగితే ఏం చేయాలంటే, ముందు ఆ రాత్రి జవాబు రాయకండి. స్క్రీన్‌షాట్ తీయండి, నంబరు, టైము, గ్రూపు పేరు కనిపించేలా. గ్రూప్ అడ్మిన్‌కి మీరు కాకుండా అసోసియేషన్‌లో పెద్దమనిషి చేత ఫోన్ చేయించండి. బెదిరింపు ఉంటే 112, తెలంగాణలో అయితే ఆడవాళ్ళ రక్షణకి పోలీసుల షీ టీమ్స్ ఉన్నాయి, సైబర్ క్రైమ్ పోర్టల్‌లో కంప్లైంట్ వేయొచ్చు, పిల్లకి ప్రమాదం అనిపిస్తే పిల్లల హెల్ప్‌లైన్ 1098. స్టేషన్‌కి ఒంటరిగా వెళ్ళకండి, లాయర్ గానీ పక్కింటి మనిషి గానీ తోడుండాలి. మా విషయంలో స్టేషన్ దాకా పోలేదు. తర్వాతి మీటింగులో ఒకాయన "ఇలాంటి వాళ్ళని కమిటీలో పెట్టుకుంటే కాలనీ పేరు పోతది" అన్నాడు, ఎవరూ ఏమీ అనలేదు, చాలాసేపు, అప్పుడు మా ఓనర్ ఆంటీ కుర్చీలోంచి లేవకుండానే "నాలా కాడ ఎండల నిలబడ్డది వాళ్ళు, నువ్వు ఏడున్నవ్?" అంది. నాలుగు రోజులు కూర పంపని ఆంటీయే.

పాపతో ఏం చెప్పాలి అంటే నిజం, దాని వయసుకి సరిపడా. "కొంతమందికి మన ఇల్లు అర్థం కాదు, అది నీ తప్పు కాదు, నువ్వు జవాబు చెప్పక్కర్లేదు, 'మా అమ్మని అడగండి' అని వచ్చెయ్" అని రెండు మూడు సార్లు ఆటలాగ ప్రాక్టీస్ చేయించాం. మీటింగులకి తీసుకెళ్ళాల్సి వస్తే ఒకరు లోపల ఒకరు బయట, స్టీల్ డబ్బాలో అటుకులు, రంగు పెన్సిళ్ళు, గంట దాటితే ఎంత ముఖ్యమైన చర్చ అయినా ఇంటికి. బుజ్జమ్మ నైట్ డ్యూటీ ఉన్న వారం నేను మీటింగులకి వెళ్ళను, వెళ్ళి ఇంటికొచ్చి ఒకరి మీద ఒకరం విసుక్కోవడం కన్నా అదే మేలు.

మనవాళ్ళతో

కాలనీ పనుల్లో పడి మన సముదాయాన్ని మరిచిపోకండి. హైదరాబాద్‌లో 2013 నుంచి ప్రైడ్ నడక జరుగుతోంది, ఇప్పుడు క్వీర్ స్వాభిమాన యాత్ర అంటారు, పిల్లలు లేని రోజుల్లో వెళ్ళినట్టే ఇప్పుడు కూడా మేం ఒకళ్ళం పాప దగ్గర ఉండి ఒకళ్ళం వెళ్తాం. ఈ ఊళ్ళో రోడ్డు మీదకి ముందు వచ్చింది మనలాంటి అద్దె ఇంటి జంటలు కాదు, ట్రాన్స్ అక్కలు. నిజాం కాలం నాటి 1329 ఫస్లీ చట్టం వాళ్ళని రిజిస్టర్‌లో పేరు రాయించుకోమని, వారంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చని అంటూ వందేళ్ళు ఉంది, ట్రాన్స్ హక్కుల కోసం పనిచేసే వైజయంతి వసంత మొగ్లి వాళ్ళు వేసిన కేసులో 2023 జులైలో తెలంగాణ హైకోర్టు దాన్ని కొట్టేసింది. మీ వార్డులో ట్రాన్స్ వాళ్ళు ఉంటే వాళ్ళ పెన్షన్, ఐడీ కార్డు, అద్దె ఇల్లు లాంటి విషయాల్లో అర్జీ రాసిపెట్టడం, ఆఫీసుకి తోడు వెళ్ళడం చేయండి, ఇప్పటికే నేర్చుకున్న పనే కదా.

ఇద్దరు మగవాళ్ళు, ఒక బిడ్డ ఉన్న ఇంటికి దారి ఇంకా కష్టం. కారా నిబంధనల్లో ఒంటరి మగవాడికి ఆడపిల్లని ఇవ్వరు, సరోగసీ చట్టంలో వాళ్ళకి చోటు లేదు, బతుకమ్మ లాంటి తలుపు కూడా వాళ్ళకి లేదు, ఇద్దరు మగాళ్ళు పిల్లాడితో కనిపిస్తే అనుమానంగా చూస్తారు. నాకు తెలిసిన ఒక జంట పార్కులో ఆదివారం పిల్లలకి క్రికెట్ నేర్పడంతో మొదలుపెట్టారు, కానీ ఎప్పుడూ ఇంకో ఇద్దరు పేరెంట్స్ అక్కడ ఉండేలా చూసుకుంటారు, ఎవరి పిల్లనీ ఒంటరిగా ఇంటికి దింపరు. న్యాయంగా ఆ జాగ్రత్త వాళ్ళకి అవసరం ఉండకూడదు, కానీ ఇప్పటికి పాటించండి.

నాలా సంగతి చెప్పి ఆపుతా. 22 స్లాబుల్లో 15 పడ్డాయి, స్కూల్ గేటు వైపు 7 మిగిలాయి, అక్కడ ప్రస్తుతానికి డ్రమ్ములు పెట్టి ఎర్ర రిబ్బన్ కట్టాం. వచ్చే సోమవారం మళ్ళీ ప్రజావాణి, అర్జీ రెండు కాపీలు తీయించా, ఈసారి లైన్లో నిలబడే వంతు బుజ్జమ్మది, పాపకి జడలు వేసి స్కూల్‌లో దింపే వంతు నాది.